కలకత్తా పాఠకుల సంవత్సరము

1872 ఏప్రిల్ నెలలో, బెంగాలీ పంచాంగము చొప్పున 1279 వైశాఖమున, బంకించంద్రుని “వంగదర్శనము” తొలి సంచిక వెలువడెను. ఆ సంచికలోనే “విషవృక్షము” నవల మొదలయ్యెను. నెలకొక భాగము చొప్పున కథ నడిచినది. నాటికి రవీంద్రునకు పదునొకండవ యేడు. జొరాసాంకోలోని ఠాకూరుల యింటికి పత్రిక వచ్చినప్పుడు పెద్దలు చదివి ముగించువరకు పిల్లలు కాచుకొని యుండవలసి వచ్చెడిది. ఆ నిరీక్షణమును గూర్చి ఆయన 1912లో ప్రకటించిన “జీవనస్మృతి”లోను, తిరిగి వార్ధక్యమున 1940లో వెలువరించిన “ఛేలేబేలా” అను బాల్యకథలోను ముచ్చటించెను. రెండవ గ్రంథములోని చిత్రము మరింత హృద్యమైనది. పత్రిక వచ్చిన దినమున ఆ పేటలో పగటినిద్ర యెవ్వరికిని పట్టెడిది కాదట. బాలుడు బిగ్గరగా, చక్కగా చదువగలవాడు గనుక పత్రికకై పెనుగులాడ నవసరము లేకపోయెను. వదినగారైన కాదంబరీదేవి తాను చదువుకొనుటకంటె మరది చదువగా వినుటకే యిష్టపడెడిది. విద్యుత్తు పంకాలు లేని కాలము. ఆమె చేతి విసనకర్ర గాలిలో కొంత పాలు చదువరికిని దక్కెడిది.

భారతీయ నవలాచరిత్ర వ్రాయువారు రచయితల పేర్లను, గ్రంథముల తేదీలను, ప్రభావములను, వాదములను వరుసగా చెప్పుచున్నారు. ఆ విసనకర్ర పట్టుకొని వినుచున్నామె కథ విని యేమనెనో ఏ చరిత్రయు చెప్పదు. ఆమె కుందనందినిని జాలిదలచెనా, సూర్యముఖి పక్షము వహించెనా, నగేంద్రుని నిందించెనా, తెలియదు. కాని నవల యను ప్రక్రియ కలకత్తా నగరమున వ్రేళ్లూనుకొన్నది అట్టి మాటలవలననే. ఒక యేడాది పొడవునా తీరిక వేళలను చదువునకై కేటాయించుకొనుట, చదివినదానిని గూర్చి పదిమందితో తర్కించుట అను రెండలవాట్లు అచ్చట ఎట్లేర్పడినవో పరిశీలించినచో, ఆ పోయిన మాటలలో కొన్నింటి జాడలైనను దొరకును.

ఈ కథ “వంగదర్శనము”నకు ముందే ప్రారంభమైనది. 1836లో కలకత్తా పబ్లిక్ లైబ్రరీ తెరువబడెను. మొదట ఎస్ప్లనేడులోని స్ట్రాంగ్ అను వైద్యుని యింటిలో నుండి, పిమ్మట ఫోర్టు విలియం కళాశాలకు మారి, 1844లో మెట్కాఫ్ హాలునకు చేరినది. మూడువందల రూపాయలు చెల్లించినవారు అందు వాటాదారులు. మొదటి వాటాదారు ద్వారకానాథ ఠాకూరు. ఆ దినములలో మూడువందలు సామాన్యమైన మొత్తము కాదు. అయినను పేద విద్యార్థులు కొంతకాలము వరకు ఉచితముగ చదువుకొనుటకు నియమము కల్పించిరి. స్థాపకుల యుద్దేశము విజ్ఞానవ్యాప్తి. చదువరుల యుద్దేశము మాత్రము వేరు. ఇండ్లకు తీసికొనిపోయిన పుస్తకములలో చరిత్ర, శాస్త్రములకంటె ఆంగ్ల నవలలే హెచ్చు. స్కాట్టు, డికెన్సులతో పాటు రెనాల్డ్స్ అను రచయిత గ్రంథములు విశేషముగ చేతులు మారినవి. “మిస్టరీస్ ఆఫ్ లండన్” వ్రాసిన ఈ రెనాల్డ్సును స్వదేశమున విమర్శకులు చులకన చేసిరి. కలకత్తా పాఠకుడు ఆ తీర్పును లెక్కచేయలేదు. మంచి పుస్తకమేదో పైవారు నిర్ణయించుటయు, చదువరి తన కిష్టమైనదే తెచ్చుకొనుటయు గ్రంథాలయములు పుట్టినది మొదలు సాగుచున్న తగవే.

ఆ గ్రంథాలయమున ప్రారంభమునుండి ఉపాధికారిగ చేరి, 1848లో అధికారి యైనవాడు ప్యారీచాంద్ మిత్రుడు. జనులు ఏ పుస్తకములు కోరుచున్నారో అతనికంటె నెక్కువ తెలిసినవాడు ఆ నగరమున మరియొకడు లేడు. 1854లో అతడు రాధానాథ సిక్దారుతో కలిసి “మాసిక పత్రిక” అను చిన్న పత్రికను నెలకొల్పెను. హిమాలయ శిఖరములలో అత్యున్నతమైనదాని యెత్తును గణించిన రాధానాథుడే యితడు. గణితజ్ఞునకు ఆడువారి పత్రికతో నేమి పని యని ఆశ్చర్యపడువారు ఆ తరమువారి స్వభావమును తెలియనివారు. పత్రిక ఉద్దేశము స్త్రీలకును, సామాన్య చదువరులకును తెలియు వాడుకభాషలో వ్రాయుట. ప్యారీచాందు “టేక్‌చాంద్ ఠాకూర్” అను మారుపేరుతో వ్రాసిన “ఆలాలేర్ ఘరేర్ దులాల్” అందే భాగములుగ వెలువడి, 1858లో గ్రంథరూపము దాల్చినది. దానిని తొలి బెంగాలీ నవల యనవచ్చునా కాదా యను వివాదము నేటికిని తీరలేదు. అది పండితులకు వదలవలసినది. ఇచ్చట గమనింపదగిన దొక్కటే: ఆ కథ పుట్టినది పుస్తకములు అరువిచ్చు బల్ల వెనుక కూర్చున్న మనిషి కలమునుండి.

బంకించంద్రుడు “దుర్గేశనందిని”ని 1865లో అచ్చొత్తించుటకు ముందు కాంఠాలపాడాలోని తమ యింట పదిమందికి చదివి వినిపించెనని ఆయన తమ్ముడు పూర్ణచంద్రుడు వ్రాసియున్నాడు. శ్రోతలలో సంస్కృత పండితులును గలరు. వ్యాకరణదోషములు వినబడినవా యని గ్రంథకర్త అడుగగా, కథలో మునిగిపోయి దోషముల మాటయే మరచితినని యొకరు చెప్పిరి. దోషములు వినబడినవిగాని ఆ తావులలోనే భాష మరింత మధురముగ నున్నదని వేరొకరు చెప్పిరి. చిన్నయసూరి వ్యాకరణమును ముందిడుకొని వచనమును తూచిన తెలుగువారికి ఈ రెండవ యుత్తరము విలువ చక్కగ తెలియును. పండితుడు తన శాస్త్రమును విడువకయే తన యానందమును ఒప్పుకొనినాడు.

“వంగదర్శనము” వచ్చిన పిమ్మట చదువు స్వరూపమే మారినది. సంపూర్ణ గ్రంథము చేతికి వచ్చినచో ఆసక్తి గలవాడు రెండు రాత్రులలో ముగించి మరచిపోవును. నెలకొక భాగమైనప్పుడు కథ సంవత్సరముతో పాటు నడచును. వేసవిలో మొదలైన చిక్కు వర్షాకాలమునను విడదు. దుర్గాపూజ సెలవులకు గ్రామములకు పోవువారు దానిని వెంట తీసికొనిపోయి, అచ్చటి బంధువులకు చెప్పి, వారి యూహలను మూటగట్టుకొని తిరిగి వత్తురు. రవీంద్రుడు తన ముదిమిలో గుర్తుచేసికొనినది ముఖ్యముగ ఈ జాగునే. పుస్తకములు కుప్పలుగ దొరకు కాలమువారికి ఆ నెలనెలా నిరీక్షణమునందలి సుఖము దక్కదని ఆయన యభిప్రాయము. ఇది వృద్ధుల సహజమైన వాడుకమాట యని కొట్టివేయ వీలులేదు. రెండు భాగముల నడిమి ముప్పది దినములలో చదువరి కథను తనలో తాను వ్రాసికొనుచుండెను. తరువాతి భాగము వచ్చినప్పుడు తన కథతో గ్రంథకర్త కథను పోల్చి చూచెను. అభిప్రాయమన్నది పుట్టినది ఆ పోలికలోనే.

పోలిక కుదరనప్పుడు కొందరు ఊరకుండలేదు. “కపాలకుండల” 1866లో వెలువడినది. దాని ముగింపు చదువరులను నది యొడ్డున విడిచి వెళ్లినది. తృప్తిచెందనివారిలో దామోదర ముఖోపాధ్యాయుడొకడు. అతడు “మృణ్మయి” యను పేర ఆ కథను కొనసాగించి వేరొక నవలనే వ్రాసెను. అది గొప్ప నవల యని యెవ్వరు ననరు. కాని వరండాలలోను, వంటయిండ్లలోను ఆ నవలను గూర్చి సాగిన వేలకొలది ముచ్చటలలో అచ్చుకెక్కి మనకు మిగిలినది ఆ యొక్కటి. ఆ దృష్టితో చూచినచో “మృణ్మయి” విలువైన పత్రము.

ఈ తీరికయు, ఈ ముచ్చటలును అందరకు సమానముగ దక్కినవి కావు. రాససుందరీదేవి తన “ఆమార్ జీబన్” అను ఆత్మకథలో తాను చదువు నేర్చిన విధమును చెప్పినది. చదువుకొన్న స్త్రీకి వైధవ్యము తప్పదని నమ్మిన కాలము. ఆమె “చైతన్య భాగవతము”లోని యొక పత్రమును తీసి వంటయింట దాచుకొని, కుమారుడు వ్రాసిన తాటాకుతో అక్షరములను పోల్చి చూచుకొనుచు నేర్చుకొన్నది. ఆమె కలకత్తా నివాసిని కాదు. చదివినదియు నవల కాదు, భక్తిగ్రంథము. అట్టి గ్రంథమునకే అంత చాటు అవసరమైనప్పుడు నవల సంగతి చెప్పనేల? ఒక తరము గడచునప్పటికి నగరమునందలి మధ్యతరగతి కుటుంబములలో ఆడువారు నవలలు చదువుట సామాన్యమయ్యెను. వెంటనే మందలింపులును మొదలైనవి. నాటకములు, నవలలు చదివి కోడండ్లు చెడిపోవుచున్నారని ప్రహసనములు వ్రాసిరి, ఉపన్యాసము లిచ్చిరి. మగవాడు కచేరి నుండి వచ్చి నవల చదివినచో అది వినోదము. ఆడుది అంట్లు తోమించి, పిల్లలను నిద్రపుచ్చి చదివినచో అది సోమరితనము. ఈ న్యాయము వంగదేశమునకే పరిమితమైనది కాదని వేరుగ చెప్ప నవసరము లేదు.

రవీంద్రుడు 1901లో వ్రాసిన “నష్టనీడ్” కథలోని చారులత ఆ మధ్యాహ్నములకు ప్రతినిధి. చేతినిండ తీరిక, ఇంటినిండ పుస్తకములు, మాటాడుటకు మనిషి లేడు. భర్తకు వార్తాపత్రికయే లోకము. మరది వచ్చి సాహిత్యమును గూర్చి మాటాడ మొదలిడినంతనే ఆమె మేల్కొనినది. 1964లో సత్యజిత్ రాయ్ ఆ కథను చలనచిత్రముగ తీసినప్పుడు, తొలి దృశ్యములలోనే ఆమె బీరువాలో వెదకి “కపాలకుండల”ను తీయుట చూపెను. ఆ చిత్రమును చూచి అందలి దుర్భిణిని గూర్చి వ్రాసినవారు పెక్కురు. ఆ పుస్తకమును గూర్చి వ్రాసినవారు తక్కువ.

19వ శతాబ్ది చివర పేటపేటకు గ్రంథాలయములు లేచినవి. 1882లో తాల్తలా, 1883లో బాగ్‌బజార్, 1889లో బీడన్ వీథిలో చైతన్య గ్రంథాలయము. ఇవి మెట్కాఫ్ హాలు వలె స్తంభములు గల మందిరములు కావు. యువకులు చందాలు పోగుచేసి నడపినవి. చైతన్య గ్రంథాలయములో పుస్తకములతో పాటు సభలును జరిగినవి. 1893లో రవీంద్రుడు అచ్చట ఉపన్యసింపగా అధ్యక్షస్థానమున నున్నవాడు బంకించంద్రుడు. అంతకు ఇరువది యొక్క యేండ్ల క్రిందట పత్రికకై కాచుకొని కూర్చున్న బాలుడును, ఆ పత్రికను నడపిన సంపాదకుడును ఒక వేదికపై! మరుసటి యేడే బంకించంద్రుడు గతించెను.

ఇండ్లలోని ముచ్చటలు క్రమముగ గోష్ఠులైనవి. 1897లో ఠాకూరు కుటుంబమువారు “ఖామఖేయాలీ సభ”ను ఏర్పరచిరి. పేరునకు అర్థము ఇచ్చవచ్చినట్లు నడచు సభ యని. కాని నడక ఇచ్చవచ్చినట్లు లేదు. నెలకొక సభ్యుని యింట సమావేశము, చదువు, పాట, భోజనము. అంతకంటె గట్టి యేర్పాటు సుకుమార రాయ్ 1915 ప్రాంతమున నడపిన “మండే క్లబ్”. సోమవారము సోమవారము కూడి, ప్లేటో మొదలు నీషే వరకు, బంకించంద్రుడు మొదలు వివేకానందుడు వరకు, యెవరికి తోచినది వారు వ్యాసముగ చదివి చర్చించెడివారు. ఫలాహారములకును కొదువ లేదు. అందుచే పరిహాసకులు దానిని “మండా క్లబ్” అనిరి. మండా యనగా వంగదేశపు మిఠాయి. ఆహ్వాన పత్రికలను సుకుమారుడే పద్యములలో వ్రాసి అచ్చొత్తించెను. సభ్యులలో కవి సత్యేంద్రనాథ దత్తు, గణాంకశాస్త్రవేత్త ప్రశాంతచంద్ర మహలనోబిస్, భాషాశాస్త్రవేత్త సునీతికుమార ఛటర్జీ యుండిరి. ఈ సునీతిబాబే 1969లో సాహిత్య అకాడెమీకి అధ్యక్షు డయ్యెను. జాతీయ సంస్థల సమావేశములలో మిఠాయి యెట్లున్నను, సోమవారపు సభల స్వేచ్ఛ యుండునా యనునది వేరు సంగతి.

చర్చ యనగా ఎల్లప్పుడును పొగడ్త కాదు. 1914లో ప్రమథ చౌధురి స్థాపించిన “సబుజ్ పత్ర”లో మరుసటి యేడు రవీంద్రుని “ఘరే బాయిరే” నెలనెలా వచ్చుచుండగా, ఒక పాఠకురాలు ఆక్షేపించుచు లేఖ వ్రాసెను. ఈ కథ వ్రాయుటలో గ్రంథకర్త యుద్దేశమేమని ఆమె ప్రశ్న. నోబెల్ బహుమాన మందిన కవి ఆ లేఖను చెత్తబుట్టలో వేయలేదు. నవల యింకను సాగుచుండగనే అదే పత్రికలో సమాధానము వ్రాసెను. కాదంబరీదేవి మాట మనకు వినబడలేదు. ఈమె మాట కనీసము ప్రశ్నగనైన నిలిచినది. నడుమ గడచినవి నలువది మూడేండ్లు.

శరత్‌బాబు జీవితమంతయు ఇట్టి తగవులతో నిండియున్నది. బంకించంద్రుని “కృష్ణకాంతుని వీలునామా”లో రోహిణి చంపబడుట తనను విద్యార్థి దశ నుండి బాధించినదని ఆయన బహిరంగముగనే చెప్పెను. ఆ విధవను శిక్షించినది కథాధర్మము కాదు, సంఘధర్మమని ఆయన వాదము. పాఠకుని అసమ్మతి రచయితను పుట్టించుట కింతకంటె దృష్టాంతము వలదు. సావిత్రి, కిరణ్మయి, రాజలక్ష్మి యెల్లరును రోహిణి పక్షమున పలికిన సాక్షులే. మెస్సులోని దాసి నాయికగా గల “చరిత్రహీన్”ను “భారతవర్ష” పత్రికవారు నీతికి విరుద్ధమని త్రోసిపుచ్చిరి. “జమున” అను చిన్న పత్రిక దానిలో కొంత ప్రకటించినది. 1917లో గ్రంథమైనది.

“పథేర్ దాబీ” విషయమున తగవు మరింత తీవ్రమైనది. 1926లో గ్రంథము వెలువడగా 1927 జనవరిలో ప్రభుత్వము నిషేధించెను. నిరసన తెలుపుమని శరత్‌బాబు రవీంద్రుని కోరెను. రవీంద్రుడు నవలను చదివి, ఇది చదువరుల మనస్సును ఆంగ్ల ప్రభుత్వముపై విరిచివేయునని, అట్టి రచన చేసినవాడు దాని ఫలమునకు సిద్ధపడవలెనని ప్రత్యుత్తర మిచ్చెను. శరత్‌బాబు మిక్కిలి నొచ్చుకొనెను. ఇద్దరిలో నెవరిది న్యాయమని నేటికిని బెంగాలీలు వాదులాడుదురు. రవీంద్రుని విమర్శలో అబద్ధము లేదు. అది ఆ నవల శక్తికి ఆయన యిచ్చిన యోగ్యతాపత్రమే. కాని ఉద్యమకాలమున నొక పుస్తకము చెరబడినప్పుడు తోటి రచయిత నోట వినదగిన మాట అది కాదు. 1922లో వెలువడిన ఉన్నవవారి “మాలపల్లి”పై మద్రాసు ప్రభుత్వము విధించిన నిషేధమును ఎరిగిన తెలుగువారికి శరత్‌బాబు నొప్పి తెలియును.

1931లో సుధీంద్రనాథ దత్తు “పరిచయ్” పత్రిక నారంభించెను. దాని చుట్టు శుక్రవారపు గోష్ఠి యేర్పడినది. కవులు, ఆచార్యులు, సామ్యవాదులు, వారిని చూచి నవ్వువారు అందరు నచ్చట చేరిరి. ఈ గోష్ఠికి కలిగిన భాగ్యము మరి దేనికిని కలుగలేదు. శ్యామలకృష్ణ ఘోషు అను సభ్యుడు అచ్చటి సంభాషణలను దినచర్యలో వ్రాసి పెట్టెను. “పరిచయేర్ ఆడ్డా” యను పేర నది గ్రంథమైనది. ఎవరు ఏ పుస్తకమును మెచ్చిరి, ఎవరు కోపముతో లేచిపోయిరి, ఎవరు చదువకయే మాటాడిరి యనునవి గ్రంథవిమర్శలలో దొరకవు. దినచర్యలలోనే దొరకును.

ఈ కలకత్తా నవలలు తెలుగుదేశమునకు వచ్చినప్పుడు వాటితో పాటు ఆ చదువు పద్ధతియు వచ్చినదా? కొంత మనకే స్వతంత్రముగ కలదు. “రాజశేఖర చరిత్రము” 1878లో వీరేశలింగము పంతులుగారి “వివేకవర్ధని”లో భాగములుగనే వెలువడినది. “చింతామణి” పత్రిక 1890ల నాటి నవలల పోటీలలో చిలకమర్తివారివంటి వారిని వెలికి తెచ్చినది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు మిత్రులతో హైదరాబాదున స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి చందాదారులకు వరుసగా గ్రంథములందించినది. వేంకటపార్వతీశ్వర కవుల ఆంధ్రప్రచారిణీ గ్రంథమాల నవలలను, అందు వంగ నవలల అనువాదములను విశేషముగ ప్రకటించినది. చందా కట్టినవానికి రాబోవు పుస్తకము లెట్టివో కొంత తెలియును, కొంత తెలియదు. పల్లెటూరి తపాలా కచేరికి పొట్లము వచ్చిన దినము పండుగయే. తరువాత చక్రపాణిగారి వంటివారి చేతులలో శరత్‌బాబు తెలుగువాడే యయ్యెను. దేవదాసు వంగీయుడని తెలియని తెలుగు పాఠకులుండిరనుట అతిశయోక్తి గాదు.

ఒక విషయమున మనమే ముందడుగు వేసితిమి. బెజవాడలో రామమోహన గ్రంథాలయము 1911లో వెలసినది. అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగి సంఘమేర్పడినది. వంగదేశ గ్రంథాలయ సంఘము, రవీంద్రుడు తొలి అధ్యక్షుడుగ, 1925లో గాని పుట్టలేదు. 1935లో పెదవడ్లపూడి నుండి కాలువమీద పడవ గ్రంథాలయము సాగినది. పాతూరి నాగభూషణముగారి ఆ పడవకు సాటి హుగ్లీ నదిమీదనైన కలదో లేదో! కాని ఆ పడవ దగ్గరకు వచ్చి పుస్తకము తిరిగి యిచ్చుచు రైతు ఏమనెనో, అతని యింటి యిల్లాలు ఏమనెనో వ్రాసిపెట్టిన శ్యామలకృష్ణుడు మనకు లేడు. గ్రంథమాలల చందాదారులు వ్రాసిన యుత్తరములు ఏ పెట్టెలలోనైన మిగిలియున్నచో వాటిని వెదకుట నవలా పరిశోధకుల పని. తెలుగు నవల యెట్లు వ్రాయబడినదో చెప్పు గ్రంథములు చాలినన్ని వచ్చినవి. అది యెట్లు వినబడినదో చెప్పునది రాలేదు.

కలకత్తాలో, నేటి కోల్‌కతాలో, ఆ పాత సంవత్సరపు గుర్తు శరత్కాలమున నిలిచియున్నది. మన “ఆంధ్రపత్రిక” 1910 మొదలు ఉగాదికి ప్రత్యేకసంచికలు తెచ్చినట్లే, అచ్చటి పత్రికలు దుర్గాపూజకు శారదీయ సంచికలు తెచ్చుట ఆచారమైనది. రవీంద్రుని “ల్యాబొరేటరీ” 1940లో “ఆనందబజార్” శారదీయ సంచికలోనే వెలువడినది. సునీల్ గంగోపాధ్యాయుని తొలి నవల “ఆత్మప్రకాశ్” 1966లో “దేశ్” శారదీయ సంచికలో వచ్చినది. 1970లో అదే పత్రిక శారదీయ సంచికలో సత్యజిత్ రాయ్ ఫెలూదా నవల ప్రకటించిన పిమ్మట పిల్లలును పెద్దలతో వంతు కోరిరి. ఒక సంచికలో పూర్తి నవలలు నాలుగైదు. ఇంట చదువరులు అంతమంది. ఎవరు మొదట చదువవలెను, చదివినవారు కథ చెప్పకుండ ఎన్ని దినములు నోరు మూసికొని యుండవలెను అను ఒడంబడికలు పూజకు ముందే జరుగును. ఒడంబడిక అష్టమి నాటికే విరిగిపోవుటయు కలదు.